నాన్న అన్నది గేజి గురించే

గుణుపురం నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. వయసు 46. ఫ్యాన్లు, మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. ఇంట్లో భార్య, ప్లస్ టు చదువుతున్న కూతురు, 76 ఏళ్ల తండ్రి ఉంటారు. ఆ తండ్రి నౌపడ–గుణుపురం చిన్న రైలు లైనులో గ్యాంగ్‌మన్‌గా చేరి, కీమన్ (పట్టాని బిగించే కీలు వదులవ్వకుండా రోజూ నడిచి చూసుకునేవాడు) అయ్యి, 28 ఏళ్లు ఆ పట్టాల వెంట నడిచిన మనిషి. 2004లో చిన్న రైలు ఆపేశాక మరో ఐదేళ్లు బ్రాడ్‌గేజిలో చేసి రిటైరయ్యారు.

ఆరేళ్ల కిందట ఈ పాఠకుడు మేడ మీద గదిలో ఆ లైనుని మోడల్ రైల్వేగా, అంటే అసలు రైలుకి చిన్న నమూనాగా, కట్టడం మొదలుపెట్టారు. షాపులో తీసేసిన పాత కౌంటరు తాలూకు పార్టికల్ బోర్డు, 8 అడుగులకి 4 అడుగులు. దాని మీద హెచ్‌ఓ స్కేలు పట్టాలు, విదేశీ ఇంజన్లు రెండు, పెట్టెలు పదకొండు. థర్మోకోల్ కొండలు, స్టేషను, ఇంజనుకి నీళ్లు పట్టే నీళ్ల స్తంభం. రెండు వానాకాలాలు కిటికీలోంచి జల్లు కొట్టి బోర్డు ఒక మూల ఉబ్బిపోయింది. రైలు నాలుగుచోట్ల ఆగిపోతోంది. పట్టాలకి గరుకు కాగితం పెట్టి రుద్దారు, ఇంజనులో కుట్టుమిషను నూనె పోశారు. అయినా నడవలేదు. ఆరు నెలలుగా గదికి తాళం వేసే ఉంది.

ఇప్పుడు భార్య ఆ గది అడుగుతున్నారు. "నీ బొమ్మల రైలుకున్న గది నా కూతురికి లేదా?" అన్నారట. దీనికి తోడు డబ్బు సంగతి. మొత్తం లక్షా 60 వేలు అయింది. భార్యకు తెలిసింది 60 వేలే. ఇంకో 60 వేలు షాపు రాబడిలోంచి కొద్దికొద్దిగా పెట్టారు. మిగతా 40 వేలు కూతురి కోచింగ్ కోసం ఎత్తిన చీటీ డబ్బు. ఆ ఫీజు జూన్‌లో కట్టాలి. రెండేళ్ల కిందట తండ్రి ఆఖరిసారి మేడ ఎక్కి, నడుస్తున్న రైలుని చాలాసేపు చూసి, "ఇది మన లైను కాదురా" అని దిగిపోయారు. తరవాత మోకాళ్ల నొప్పులతో మేడ ఎక్కలేదు. "తీసేయమంటారా, అమ్మేయమంటారా, బాగుచేసుకోమంటారా? రాత్రి నిద్ర పట్టడం లేదు" అని అడిగారు.

అయ్యా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. గది, డబ్బు, ఆగిపోయిన రైలు, నాన్నగారి మాట. ఈ నాలుగూ నాలుగు వేరే వేరే సంగతులు. మీరు వాటిని ఒకే చుట్టగా చుట్టి, "తీసేయాలా వద్దా" అని ఒకే ప్రశ్న చేశారు. ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. తీసేస్తే గది సంగతి తేలుతుంది. డబ్బు సంగతి తేలదు, నాన్నగారి మాట మనసులోంచి పోదు. షాపులో తీగ చిక్కుపడితే మీరు మధ్యలో పట్టుకుని లాగరు కదా, ముందు కొస వెతుకుతారు. నాకు కనిపించిన కొస నాన్నగారి మాట. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ఆయన మీ కష్టాన్ని తక్కువ చేశారని మీరు అనుకున్నారు. రెండేళ్లుగా అదే మనసులో పెట్టుకున్నారు. ఉత్తరంలో ఆ వాక్యం మూడుచోట్ల వచ్చింది. కానీ ఒక లెక్క చూడండి. మీరు వాడిన హెచ్‌ఓ స్కేలు అంటే అసలు వస్తువులో 87వ వంతు. పట్టాల మధ్య దూరం, అంటే గేజి, 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చవేస్తే 1,435 మిల్లీమీటర్లు వస్తుంది. అది యూరప్, అమెరికాలలో నడిచే స్టాండర్డ్ గేజి. మన బ్రాడ్‌గేజి 1,676. మీ నాన్నగారు 28 ఏళ్లు నడిచిన లైను రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. మీరు వేసిన పట్టాలు ఆయన లైనుకి దాదాపు రెట్టింపు వెడల్పు!

గ్యాంగులో పనిచేసినవాళ్ల చేతిలో గేజి కొలిచే కడ్డీ ఉంటుంది. పట్టాల మధ్య దూరం హద్దు దాటి ఎక్కువైనా తక్కువైనా పెట్టె పట్టా తప్పుతుంది. అన్నేళ్లు ఆ దూరం చూసిన కంటికి మీ లేఅవుట్ (బోర్డు మీద కట్టిన రైలు ఏర్పాటు) మీద మొట్టమొదట కనిపించేది అదే. స్టేషను రంగు, కొండ ఆకారం ఆ తరవాతి మాట. ఆయన "మన లైను కాదురా" అన్నది ఒక కీమన్ చెప్పిన సాంకేతిక అభిప్రాయం. అది నిజం కూడా. ఆయన చాలాసేపు నిలబడి చూశారని మీరే రాశారు. నచ్చనివాళ్లు చాలాసేపు నిలబడరు.

ఇది మీ మనసు తేలిక చెయ్యడానికి మాత్రమే చెప్పడం లేదు. గదికి దారి కూడా ఇందులోనే ఉందని నాకు అనిపిస్తోంది. 762ని 87తో భాగిస్తే 8.76. అంటే 9 మిల్లీమీటర్లకి వెంట్రుకవాసి తక్కువ. ఎన్ స్కేలు అని అమ్మే చిన్న రైళ్ల పట్టా సరిగ్గా 9 మిల్లీమీటర్లు. యూరప్‌లో నేరోగేజి మోడళ్లు కట్టేవాళ్లు 87వ వంతు మనుషులు, ఇళ్లు, చెట్లు పెట్టి, కింద ఈ 9 మిల్లీమీటర్ల పట్టా వేస్తారు. ఆ పద్ధతికి హెచ్‌ఓఈ అని పేరు. మీరు కట్టిన స్టేషను, నీళ్ల స్తంభం, ఎడ్లబండి, మనుషులు ఏవీ మార్చక్కర్లేదు. పట్టా, రైలు మాత్రం మారతాయి. దీని సంగతి మళ్లీ వస్తాను.

ముందు డబ్బు.

ఇందులో నేను మెత్తగా మాట్లాడలేను. లక్ష రూపాయలు ఇంట్లో తెలియకుండా ఖర్చయ్యాయి. అందులో 40 వేలు మీ అమ్మాయివి. లేఅవుట్ విషయంలో ఏ నిర్ణయం తీసుకున్నా, ఆ నిర్ణయానికి ముందే మీ ఆవిడకి ఈ మాట చెప్పాలని నా గట్టి అభిప్రాయం. చెప్పకుండా ఉండిపోయే దారీ ఉంది, అది ఎలా నడుస్తుందో చూడండి. గుట్టుగా అమ్మి 40 వేలు తెచ్చి ఫీజు కట్టేద్దామని మీరు ఒకచోట రాశారు. 60 వేలు పెట్టారని ఆవిడ అనుకుంటున్న సామాను 90 వేలకి అమ్ముడైతే ఏమని చెబుతారు? మిగిలినది ఎక్కడ దాస్తారు? ఒక దాపరికాన్ని కప్పడానికి రెండోది కావాలి. ఆవిడకు అది సంవత్సరం తరవాత ఏ పాత రసీదు వల్లనో తెలిస్తే, ఆ రోజున గొడవ రైలు గురించి జరగదు.

చెబితే ఏం జరుగుతుంది? గొడవ జరుగుతుంది. నాలుగు రోజులు మాటలు ఉండకపోవచ్చు. "రేపే తీసేయ్" అని కూడా అనవచ్చు. ఆ మాట అనే హక్కు ఆవిడకి ఉంది. అయితే అప్పుడు మీ ఇద్దరి ముందూ ఉన్న లెక్క ఒకటే అవుతుంది. లక్షా 60 వేలు పోయింది, ఇంట్లో ఉన్న సామానులో ఎంత తిరిగి వస్తుంది, జూన్ లోపల 40 వేలు ఎలా. చెప్పేటప్పుడు ఉత్త చేతులతో వెళ్లకండి. ఒక కాగితం మీద ఏ వస్తువు ఎప్పుడు ఎంతకు కొన్నారో రాసుకుని, ఏవి అమ్మడానికి సిద్ధమో వాటి పక్కన గుర్తు పెట్టి, ఆ కాగితం ఆవిడ చేతిలో పెట్టి కూర్చోండి. నాన్నగారు, అమ్మాయి లేని వేళ చూసుకోండి.

గది గురించి ఒక మాట. నాలుగు పేజీల ఉత్తరంలో మీ ఆవిడ అన్న మాటలు ఏడు ఉన్నాయి, నాన్నగారిది ఒకటుంది, విశాఖలో ఉన్న మీ తమ్ముడిది కూడా ఉంది. అమ్మాయి ఏమందో ఒక్క ముక్క లేదు. మీరు ఆమెను అడగలేదని నాకు అనుమానం. పైగా మూడో పేజీలో మీరు యథాలాపంగా ఒకటి రాశారు. స్టేషను పేరు పలక మీద ఒడియా, హిందీ, ఇంగ్లీషు అక్షరాలు పదకొండేళ్ల వయసులో అమ్మాయే రాసిందని, అగ్గిపుల్ల కొసతో, మూడు ఆదివారాలు కూర్చుని రాసిందని. ఆ పిల్లని లేఅవుట్‌కి శత్రువుగా ఎందుకు లెక్కవేశారు? ఒక సాయంత్రం అడగండి. ఆమెకు కావలసింది మొత్తం గదా, తలుపు వేసుకోగలిగిన నాలుగు గంటలా, మంచి టేబులూ లైటా, కింద టీవీ చప్పుడు లేకపోవడమా? జవాబు మీరు అనుకున్నదే కావచ్చు. అప్పుడు గది ఆమెదే, అందులో వాదన లేదు. ప్లస్ టు పరీక్షల ముందు ఏడాది పిల్లకి చదువుకునే చోటు కావాలనడం న్యాయమైన కోరిక. కానీ అది ఆమె నోట వినాలి.

ఇప్పుడు రైలు ఎందుకు ఆగుతోందో చూద్దాం. మోటారు విప్పకుండానే చప్పుడు విని జబ్బు చెప్పగలిగే మనిషి మీరు. మనసు బాగాలేక మీ చేతి పనినే మీరు నమ్మడం మానేశారు.

పార్టికల్ బోర్డు నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఆరినా మళ్లీ పాత మందానికి రాదు. ఆ మూల ఇక బాగుపడదు. దాని మీద ఉన్న పట్టా మెలిక తిరిగి ఉంటుంది. రైలు ఆగే నాలుగు చోట్లలో ఒకటి, పెట్టెలు పట్టా తప్పుతున్నాయని మీరు రాసిన చోటు, అదే అయ్యుండాలి. మిగతా మూడూ కరెంటు సంగతి అని నా నమ్మకం. మీరు కంట్రోలర్ (పట్టాలకి కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి ఒక్కచోట మాత్రమే రెండు తీగలు ఇచ్చి, మిగతా చుట్టంతా పట్టా ముక్కలని కలిపే ఫిష్‌ప్లేట్ల మీద వదిలేశారు. కొత్తలో నడుస్తుంది. రెండు వానాకాలాలు గడిస్తే ప్రతి ఫిష్‌ప్లేటు లోపలా పొర కడుతుంది. ఒక్కో అతుకు దగ్గర కొంచెం కొంచెం వోల్టు పడిపోతూ, దూరం చివరికి వెళ్లేసరికి ఇంజనుకి బలం చాలదు.

ఉత్త మల్టీమీటరు పెట్టి చూస్తే 12 వోల్టులూ చూపిస్తుంది, మోసపోతారు. లోడు ఉండాలి. 12 వోల్టుల, 5 వాట్ల స్కూటరు బల్బు ఒకటి తీసుకోండి. అది సుమారు 0.4 ఆంపియర్లు లాగుతుంది, దాదాపు ఇంజను లాగినంత. దాని రెండు తీగల కొసలు పట్టాల మీద ఆనించి, గదిలో లైటు తీసేసి, కంట్రోలర్ దగ్గర నుంచి జాన జానకీ జరుపుతూ రండి. ఏ అతుకు దాటగానే వెలుతురు ఎర్రబడిందో అదే దొంగ. పావుగంట పని. ప్రతి మూడు అడుగుల పట్టాకీ ఒక జత తీగలు టంకం పెట్టి, బోర్డు కింద 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలకు కలిపితే ఆ జబ్బు పోతుంది.

గరుకు కాగితంతో రుద్దడం మాత్రం పొరపాటు. అది పడేసిన సన్న గీతల్లోనే మళ్లీ మురికి పట్టి, ముందుకంటే తొందరగా నల్లబడుతుంది. మొబైల్ రిపేరు షాపుల్లో ఐపీఏ అని వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మెత్తటి నూలు గుడ్డకి తడిపి తుడిస్తే చాలు. కరెంటు తీసేసి, కిటికీ తెరిచి చెయ్యండి. దానికి నిప్పు తొందరగా అంటుకుంటుంది. ఇంజను చక్రాలకి ఇంకో కిటుకు ఉంది. అదే మందుతో తడిపిన టిష్యూ కాగితం పట్టాల మీద పరిచి, ఇంజను సగం చక్రాలు కాగితం మీద, సగం బయట ఉండేలా చేత్తో పట్టుకుని నడపండి. కాగితం మీద రెండు నల్లటి చారలు వస్తాయి. తిప్పి పెట్టి రెండో సగం కూడా చెయ్యండి. చారలు రాకుండా పోయేదాకా చెయ్యాలి. కుట్టుమిషను నూనె మీరు "పోశాను" అని రాశారు. ఇంజనుకి కావలసింది సూది మొనకి అంటినంత, అదీ ప్లాస్టిక్‌ని తినని పల్చటి నూనె. ఎక్కువైనది చక్రాల మీదకి, అక్కణ్ణుంచి పట్టాల మీదకి వచ్చి దుమ్ముని పట్టుకుంటుంది.

నేను 30 ఏళ్లుగా రాయగడలో ఈ పని చేస్తున్నాను. మొదటి లేఅవుట్‌ని వానాకాలంలో దుమ్ము పడకుండా ప్లాస్టిక్ షీటు కప్పి, రెండు నెలలు ఊరెళ్లాను. తిరిగొచ్చి చూస్తే లోపల చెమ్మ పట్టి ఇత్తడి పట్టాలు పచ్చబడ్డాయి, రంపపు పొట్టుతో వేసిన గడ్డికి బూజు పట్టింది. అప్పటి నుంచి పాత నూలు చీరే కప్పుతున్నాను. గాలి ఆడుతుంది, దుమ్ము ఆగుతుంది. వారానికి ఒకసారి, ఏ పనీ లేకపోయినా, ఒక ఇంజనుని నెమ్మదిగా పది నిమిషాలు నడుపుతాను. మీ నాన్నగారు పట్టా వెంట నడుస్తూ రోజూ కీలు చూసుకున్నది అందుకే కదా, పాడయ్యాక బాగుచేద్దామని కాదు.

ఇక మీ ముందున్న దారులు. నాకు కనిపించినంతవరకు చెబుతాను.

ఉన్నదాన్ని ఉన్నచోటే బాగుచేసుకోవచ్చు. కానీ ఉబ్బిన బోర్డు మీద అతుకులు వేసుకుంటే వచ్చే వానలకి మళ్లీ ఇదే కథ. బాగుచెయ్యడం అంటే పట్టా అంతా లేపి, కొత్త బోర్డు వేసి మళ్లీ కట్టడమే. షాపు మూసి వచ్చాక రాత్రి పూట గంటన్నర చొప్పున అయితే నాలుగు నెలలకి తక్కువ పట్టదు. అన్నాళ్లూ గది ఇరుక్కునే ఉంటుంది. అమ్మాయి పరీక్షల ఏడాది దాని మధ్యలోనే గడిచిపోతుంది. ఆమె "నాకు గది అక్కర్లేదు నాన్నా" అని మనస్ఫూర్తిగా అంటే తప్ప ఈ దారి నేను చెప్పలేను.

మీ తమ్ముడు చెప్పినట్టు మడతబందులు బిగించి గోడకి మడిచే ఏర్పాటు వినడానికి బావుంటుంది. మొదటి నుంచీ అలా అనుకుని కట్టినవాటికి సరిపోతుంది. మీ కొండలు, స్టేషను, విడిగా నిలబెట్టిన చెట్లు నిలువుగా లేపితే నిలవవు. 8 అడుగుల బోర్డు బరువు రోజూ ఎత్తి దించే ఓపిక ఎవరికీ ఉండదు. వారం తరవాత అది దించే ఉంటుంది.

మొత్తం అమ్మేయడం మూడో దారి. ఇందులో మంచి ఉంది. గది రేపే ఖాళీ. ఫీజుకి డబ్బు. మీ ఆవిడకి మీ మాట మీద కొంత నమ్మకం. నష్టం ఏమిటంటే, మన దేశంలో ఈ సామాను కొనేవాళ్లు కొద్దిమందే. హైదరాబాద్, బెంగళూరు, పుణె, ముంబయి వైపు ఎక్కువ. వాళ్లకి కావలసింది ఇంజన్లు, పెట్టెలు, కంట్రోలర్, పాయింట్లు (రైలుని ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదకి మళ్లించే ముక్కలు). కొండలు, బోర్డు ఎవరూ కొనరు. గుత్తగా ఇచ్చేస్తే వచ్చేది తక్కువ. విడివిడిగా, అసలు అట్టపెట్టెలతో సహా, చక్రాలు తుడిచి, నడుస్తున్న వీడియో తీసి పంపితే ఎక్కువ వస్తుంది. దానికి రెండు మూడు నెలలు పడుతుంది, కాబట్టి జూన్ ఫీజు కోసం అయితే ఇప్పుడే మొదలుపెట్టాలి. తొందరపడి కోపంలో అమ్మకండి. ఆ నీళ్ల స్తంభం మాత్రం ఏ దారి పట్టినా అమ్మకండి.

నీళ్ల స్తంభం గురించి ఎందుకు అంటున్నానంటే, మీ ఉత్తరంలో ఒక పేజీ మొత్తం దాని మీదే ఉంది. పెన్ను రీఫిల్ కాడతో స్తంభం, వాల్వు ట్యూబు ముక్కతో గొట్టం, చక్రానికి చేతి గడియారంలోని పళ్ల చక్రం. రైలు గుండ్రంగా తిరగడం గురించి రెండంటే రెండు వాక్యాలు రాశారు. కొందరికి రైలు ఆగకుండా చుట్టూ తిరుగుతుంటే చూడటమే ఆనందం. వాళ్లకి పెద్ద బోర్డు, పెద్ద మలుపులు కావాలి. హెచ్‌ఓలో వెనక్కి తిరగాలంటేనే మామూలుగా 18 అంగుళాల వ్యాసార్థం, అందుకే 4 అడుగుల వెడల్పు పట్టింది. మీరు ఆ రకం కాదేమో అనిపిస్తోంది. మీరు కట్టే మనిషి. అలా అయితే నాలుగో దారి మీకు సరిపోవచ్చు.

గుణుపురం ఆ చిన్న లైనుకి ఆఖరి స్టేషను. 1900లో పర్లాకిమిడి గజపతి రాజుల చొరవతో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా పడిన లైను 1931 నాటికి గుణుపురం చేరి అక్కడ ఆగింది. ఆఖరి స్టేషను కట్టడానికి గుండ్రటి చుట్టు అక్కర్లేదు. గోడ వెంట ఒక అర (షెల్ఫు) చాలు. అడుగు వెడల్పు, 7 అడుగుల పొడవు. 87వ వంతులో 7 అడుగులు అంటే 185 మీటర్ల స్టేషను, చిన్న రైలుకి సరిపోయేంత. ఒక ప్లాట్‌ఫాం, ఇంజను పెట్టెలని వదిలి చుట్టి వచ్చి రెండో చివర తగులుకోడానికి ఒక లూపు, గూడ్సు పెట్టెలకి ఒక పక్క లైను. మొత్తం మూడు పాయింట్లు. రెండో చివర పట్టా ఒక చెట్ల తోపు వెనక మూసిన పెట్టెలోకి వెళుతుంది. లైనులో మిగతా స్టేషన్లన్నీ అదే అనుకోవాలి, కాశీనగరం, పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి, నౌపడ అన్నీ. అక్కడ చేత్తో పెట్టెలు మార్చి మళ్లీ పంపుతారు.

మీ కంట్రోలర్ పనికొస్తుంది, 9 మిల్లీమీటర్ల రైళ్లకి కూడా 12 వోల్టుల డీసీయే. ఇంజనుకి కాటో లాంటి జపాన్ కంపెనీల చిన్న చాసీ (మోటారు, చక్రాలు ఉన్న కింది భాగం) ఒకటి కొని, పైన బాడీ మీరే అట్టతో, ప్లాస్టిక్ షీటుతో కట్టుకోవాలి. రెడీమేడ్‌గా మన చిన్న రైలు కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు. పెట్టెలకి పెళ్లి శుభలేఖల మందపాటి అట్ట బ్రహ్మాండంగా పనికొస్తుంది. కొలతలు ఇంట్లోనే ఉన్నాయి. కిటికీ ఎత్తు ఎంత, మెట్టు ఎక్కడుండేది, ఇంజను ఎక్కడ నీళ్లు తాగేది, నాన్నగారిని అడగండి.

ఈ అరని మేడ మీద కాకుండా కింద హాల్లో, ఆయన కుర్చీలో కూర్చుంటే కంటికి ఎదురుగా వచ్చే ఎత్తులో పెట్టవచ్చు. దాన్ని మూడున్నర అడుగుల చొప్పున రెండు ముక్కలుగా కట్టి బోల్టులతో కలిపితే, పండక్కి చుట్టాలొచ్చినప్పుడు విప్పి మంచం కింద పెట్టుకోవచ్చు. ఈసారి మెరైన్ ప్లై, 710 గ్రేడు, 12 మిల్లీమీటర్లది తీసుకోండి. పైనా కిందా అంచులకీ అన్నివైపులా పెయింటు వెయ్యండి. ఒక్కవైపే వేస్తే వెయ్యనివైపు చెమ్మ పీల్చి వంగుతుంది. గోడకి అంగుళం ఎడంగా బిగించండి, వానాకాలంలో గోడ చెమ్మ, చెద రెండూ తగలవు.

దీనికీ వెల ఉంది. ఆరేళ్ల పనిలో సగం మీ చేత్తోనే విప్పాలి. ఇష్టపడి కొన్న ఆ రెండు విదేశీ ఇంజన్లు కొత్త పట్టా మీద నడవవు, వాటిని అమ్మాలి. రైలు తిరుగుతూ ఉండటం పోతుంది. హాల్లో పెట్టాలంటే మీ ఆవిడ ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోవచ్చు. ఇంకోటి, ముందు ఫీజు కట్టాకే ఇందులో రూపాయి పెట్టాలి. అమ్మిన డబ్బులోంచి మొదట 40 వేలు అమ్మాయి పేర బ్యాంకులో పడిపోవాలి. మిగిలినదాంట్లో కొత్త పనికి ఎంత అన్నది మీరిద్దరూ కలిసి చెప్పుకున్న అంకె కావాలి, నెలకింత అని. అది చిన్న అంకె అయినా పరవాలేదు. ఈ పనిలో డబ్బుకంటే రోజులు ఎక్కువ ఖర్చవుతాయి. ఏడాది పాటు పట్టా, ఒక పాయింటు, స్టేషను మాత్రమే ఉన్నా అది లేఅవుటే.

నాలుగూ కాదనుకుని, సామాను అట్టపెట్టెల్లో సర్ది అటక మీద పెట్టేసి, అమ్మాయి పరీక్షలు అయ్యాక చూద్దామనుకున్నా తప్పు లేదు. అలా చేస్తే ఇంజన్లు విడివిడిగా పాత నూలు గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి సర్దండి. పట్టాలు లేపేముందు ఫొటోలు తీసుకోండి. ఎలకలు తీగలు కొరుకుతాయి, రేకు డబ్బాలో పెట్టండి. ఫీజు డబ్బు అప్పుడు వేరే చోటు నుంచి రావాలి, అది మర్చిపోవద్దు.

మీ ఆవిడ "బొమ్మల రైలు" అన్నందుకు బాధపడ్డారు. ఆవిడకి అది తాళం వేసిన గది తలుపుగానే తెలుసు. మీరు ఎప్పుడూ కూర్చోబెట్టి చూపించినట్టు ఉత్తరంలో లేదు. పుణె కోథ్రుడ్‌లో జోషీ గారి చిన్న రైళ్ల మ్యూజియం 1998 నుంచి నడుస్తోంది. ఒక మనిషి ఇష్టంతో మొదలుపెట్టిన పని అది, పిల్లలూ పెద్దలూ టికెట్టు కొనుక్కుని చూస్తారు. ఎప్పుడైనా ఆ వైపు వెళ్లే పని పడితే ముగ్గురూ వెళ్లి చూడండి. అంతదాకా ఎందుకు, బల్బు పెట్టి అతుకులు చూసే రాత్రి ఆవిడని పిలిచి బల్బు పట్టుకోమనండి. డబ్బు సంగతి చెప్పిన తరవాతే సుమా.

ఒకవేళ నాలుగో దారిలో వెళితే, కంకర కొనకండి. వంశధార ఇసుక సన్నగా జల్లించి, కడిగి, ఎండబెట్టి వాడండి. అయితే ఆ ఇసుకలో అయస్కాంతానికి అంటుకునే నల్ల రేణువులు ఉంటాయి. అవి ఇంజను మోటారులోకి చేరితే పని ముగిసినట్టే. ఒక స్పీకరు అయస్కాంతాన్ని పల్చటి కాగితంలో చుట్టి, పళ్లెంలో పరిచిన ఇసుక మీద నెమ్మదిగా తిప్పండి. కాగితానికి నల్లటి మీసాలు మొలుస్తాయి. కాగితం విప్పితే రాలిపోతాయి. ఏమీ అంటుకోనిదాకా అయిదారుసార్లు చెయ్యాలి. స్లీపర్ల (పట్టాల కింది అడ్డ దిమ్మెల) మధ్య ఆ ఇసుక పోసి, ఫెవికాల్‌లో నీళ్లు కలిపి, గిన్నెలు తోమే సబ్బు నీటి చుక్క ఒకటి వేసి, సిరంజితో చుక్కచుక్కగా దించండి. సబ్బు చుక్క లేకపోతే జిగురు ఇసుకలోకి దిగదు, పైన ముత్యాల్లా నిలబడిపోతుంది.

ఇసుక జల్లించి అయస్కాంతం తిప్పే పని కూర్చుని చెయ్యొచ్చు, మోకాళ్లతో పని లేదు. కంకర స్లీపరు పైకి ఎంతవరకు రావాలో, ఎక్కడ ఆపాలో కూడా మీకంటే ఆయనకే బాగా తెలుసు. పళ్లెం, అయస్కాంతం నాన్నగారికి ఇవ్వండి.